లారీ ఎక్కిన రేసు కారు: తిరుపతి నుంచి కోయంబత్తూరు దాకా

మొదటి రోజు: తిరుపతి

ఫార్ములా భారత్ పోటీలకు దేశం నలుమూలల ఇంజనీరింగ్ కాలేజీల జట్లు సొంతంగా తయారుచేసిన ఒంటి సీటు రేసు కార్లతో కోయంబత్తూరు చేరతాయి. జనవరి పోటీకి డిసెంబరులోనే కారు నడవాలి. తిరుపతి జట్టొకటి ముందు సొంత ఊళ్లో కారు తిప్పి, ఆ తర్వాత లారీ ఎక్కించి కోయంబత్తూరు ట్రాకు మీద పరీక్షించుకుంది. ఆ కారు వెంట వెళ్తూ, ఈ జట్టు పోటీలో ఎక్కడ తేలుతుందో ముందే పట్టుకోవచ్చా అని చూసిన కథనం ఇది.

ముందు పాయింట్ల లెక్క తెలియాలి. ఇలాంటి విద్యార్థి కార్ల పోటీలకు ఆధారమైన ఫార్ములా స్టూడెంట్ నియమాల్లో చాలాకాలం నడిచిన పంపకం మొత్తం 1000. డిజైను, ఖర్చు, బిజినెస్ ప్లాన్ కలిపి 325. కారు నడిపి సంపాదించేది 675: 75 మీటర్ల యాక్సిలరేషన్‌కు 75, పక్కపక్కన ఉన్న రెండు వృత్తాల్లో తిరిగే స్కిడ్‌ప్యాడ్‌కు 75, మలుపుల దారిలో ఒక్క ల్యాపు టైము తీసే ఆటోక్రాస్‌కు 100, సుమారు 22 కిలోమీటర్ల దూరపు పరుగు ఎండ్యూరెన్స్‌కు 325, ఇంధన పొదుపుకు 100. ఎండ్యూరెన్స్ పూర్తిచేయని కారుకు పొదుపు పాయింట్లు కూడా రావు. అంటే 675లో 425 పాయింట్లు ఆ ఒక్క పరుగు మీదే వేలాడుతున్నాయి. కుర్రాళ్లు వాట్సాప్‌లో పంచుకునే వీడియోలు మాత్రం ఎప్పుడూ యాక్సిలరేషన్‌వే.

కారులో ఉన్నది కేటీఎం 390 బైకు ఇంజను, 373 సీసీ సింగిల్ సిలిండర్. నియమాల ప్రకారం 710 సీసీ దాకా పెట్టుకోవచ్చు, కానీ పెట్రోలు ఇంజనైతే లోపలికి వెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. ఆ రిస్ట్రిక్టరే అసలు కళ్లెం. టెస్టింగులో ఎవరైనా అదిరిపోయే టైము చెబితే మొదట అడగాల్సింది రిస్ట్రిక్టర్ బిగించే ఉందా అని. ఉంటే, ఇంజను నడుస్తుండగా గాలి పీల్చే మూతిని పూర్తిగా మూసి చూడాలి. వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గురగురలాడిందంటే రిస్ట్రిక్టర్ తర్వాత ఎక్కడో గాలి దూరుతోంది. సాధారణంగా ప్లీనం (గాలి నిల్వ ఉండే డబ్బా) అతుకు దగ్గర పగులో, త్రీడీ ప్రింట్ చేసిన ముక్క వేడికి వంకరపోవడమో ఉంటుంది. పోటీలో తనిఖీ చేసేవాళ్లూ ఇదే పరీక్ష పెడతారు. ఈ కారు ఆగింది.

సాయంత్రం ఆరుబయట సిమెంటు నేల మీద స్కిడ్‌ప్యాడ్ గీశారు, ముగ్గుపిండితో. మధ్యలో మేకు కొట్టి 7.625 మీటర్ల తాడుతో లోపలి వృత్తం, 10.625 మీటర్ల తాడుతో బయటి వృత్తం. రెండో జత వృత్తాల కేంద్రం మొదటిదానికి 18.25 మీటర్ల దూరంలో. కారు నడిచే దారి వెడల్పు 3 మీటర్లు. తాడు సాగేదైతే వృత్తం పెద్దదై, టైము అబద్ధమాడుతుంది. అందుకే నైలాన్ తాడు పనికిరాదు, స్టీలు టేపే మేలు. ధనుర్మాసం కాబట్టి ముగ్గుపిండికి కరువులేదు.

కుడి వృత్తంలో 5.9 సెకన్లు, ఎడమ వృత్తంలో 6.2. దారి మధ్యగా కొలిస్తే మొదటిది సుమారు 1.05 జీ, రెండోది 0.95 జీ (మలుపులో కారు మీద పడే పక్క బలం, భూమ్యాకర్షణతో పోల్చి). దుమ్ము నేల మీద ఇది మంచి అంకెలానే కనిపిస్తుంది, కానీ చూడాల్సింది రెండింటి మధ్య తేడా. ఒక వైపు బాగా తిరిగి, ఇంకోవైపు ముక్కు బయటికి పోతోందంటే బరువు చక్రాల మీద సరిగా పడటం లేదు. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, డ్రైవరును కూర్చోబెట్టి కొలిస్తే సంగతి బయటపడింది: ముందు కుడి, వెనక ఎడమ చక్రాల మొత్తం రెండో మూలజత కన్నా బాగా ఎక్కువ. స్ప్రింగు కింది కాలరును (ఎత్తు మార్చే మర రింగు) సగం తిప్పు తిప్పుతూ మళ్లీ తూచారు. తూచే నేల మట్టంగా లేకపోతే ఈ శ్రమంతా వృథా. చక్రాల కింద పలుచటి ప్లైవుడ్ ముక్కలు పెట్టి నీటిమట్టంతో సరిచూసుకోవాలి.

ఇంకో మాట. ఫోను స్టాప్‌వాచీతో చేతి టైము రెండు పదో వంతుల దాకా తప్పొచ్చు. గీత దగ్గర ఫోను కదలకుండా నిలబెట్టి 60 ఫ్రేముల వీడియో తీస్తే ఒక్కో ఫ్రేము 0.017 సెకను. ఖర్చు లేని పద్ధతి, పైగా డ్రైవరు దారి హద్దు చూపే కోన్ తగిలించాడా లేదా అన్న గొడవ కూడా తీరుతుంది. స్కిడ్‌ప్యాడ్‌లో ఒక్కో కోన్‌కు 0.2 సెకను శిక్ష, ఆటోక్రాస్‌లోనూ ఎండ్యూరెన్స్‌లోనూ 2 సెకన్లు.

రెండో రోజు: తిరుపతి, వాన తెరిపిలో

ఈశాన్య రుతుపవనాల తోక ఇంకా వదల్లేదు. పొద్దున నేలంతా తడి. తడి నేల మీద బ్రేకు పరీక్ష చేసి నాలుగు చక్రాలూ లాకయ్యాయని సంబరపడటం దండగ. తడిలో ఏ కారైనా లాకవుతుంది. నేల ఆరేదాకా ఆగి, కాస్త దూరం నుంచి గట్టిగా లాగించి, ఒక్కసారిగా పెడలు తొక్కించాలి. అప్పుడు నేల మీద గీతలు లెక్కపెట్టాలి. నాలుగు నల్ల గీతలు నేరుగా పడితే పాసు. ఇక్కడ ముందు చక్రాలవి రెండే పడ్డాయి. ముందు, వెనక బ్రేకులకు బలం పంచే బ్యాలెన్స్ బారును వెనక సిలిండరు వైపు తిప్పగా మూడో ప్రయత్నంలో నాలుగూ పడ్డాయి. ఇంజను ఆగిపోకుండా ఉండాలన్న షరతు కూడా ఉంది, క్లచ్ వేలితో పట్టే అలవాటు లేని డ్రైవర్లు అక్కడే దొరికిపోతారు.

పెడలు మెత్తబడటం చిన్న విషయంలా అనిపిస్తుంది. బ్రేకు ద్రవంలో గాలి బుడగలున్నా, పాత డాట్ 4 రకం ద్రవం నీరు పట్టి వేడికి మరిగినా పెడలు లోతుకు పోతుంది. ఈ కార్లలో పెడలు వెనక ఓ స్విచ్ తప్పనిసరి. పెడలు హద్దు దాటితే అది ఇంజను ఆపేస్తుంది, డ్రైవరు దాన్ని మళ్లీ వేయలేడు. అంటే ఎండ్యూరెన్స్ సగంలో బ్రేకు ద్రవం మరిగితే కారు మెల్లబడదు, నడిరోడ్డున నిలిచిపోతుంది. అందుకే టెస్టింగులో ప్రతి విడతకు ముందూ తర్వాతా పెడలు ప్రయాణం స్కేలుతో కొలిచే జట్టు కనిపిస్తే నా లెక్కలో వాళ్లకు పది మార్కులు అదనం. ఈ జట్టు కొలవడం లేదు. చెప్పాక మొదలుపెట్టారు.

మధ్యాహ్నం మఫ్లర్ శబ్దం. పరీక్ష జరిగే ఆర్పీఎంను పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.25 మీటర్లు అయ్యేలా లెక్కకడతారు. ఈ ఇంజను స్ట్రోకు 60 మిల్లీమీటర్లు, అంటే సుమారు 7,500. అక్కడ 110 డెసిబెల్స్, ఐడిల్‌లో 103 దాటకూడదు. కొత్త మఫ్లర్ పాసై, నెల తర్వాత ఫెయిలవడం మామూలే. లోపలి గ్లాస్‌వూల్ కాలిపోయి పొగగొట్టం గుండా ఎగిరిపోతుంది. గొట్టం మూతి దగ్గర తెల్లటి పీచు కనిపిస్తే మళ్లీ నింపాలి.

ఇక ఇంజనులో నూనె. బైకు మలుపులో ఒరుగుతుంది కాబట్టి నూనె సంపు (ఇంజను కింది తొట్టి) అడుగునే ఉంటుంది. అదే ఇంజను కారులో ఒరగకుండా మలుపు తిరిగితే నూనె ఒక పక్కకు ఎగబాకి, పంపు గాలి పీలుస్తుంది. ఒకే వృత్తంలో పది చుట్లు తిప్పితే నూనె ఒత్తిడి దీపం మిణుకుమంటుందో లేదో తెలుస్తుంది. సంపులో అడ్డుపలకలు వెల్డు చేశారు గనుక ఇక్కడ వెలగలేదు. వెలిగినా పట్టించుకోని జట్టుకు బేరింగులు ఎప్పుడు పోతాయన్నదే ప్రశ్న.

టైర్ల దగ్గర ఒకటే చెబుతాను. పరారుణ గన్ను పైపొరను మాత్రమే చూస్తుంది, రెండు క్షణాల్లో అది చల్లబడుతుంది. సూది థర్మామీటరుతో లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్ల గుచ్చి చూడాలి. మధ్యలో వేడెక్కువైతే గాలి ఎక్కువ. లోపలి అంచు మరీ వేడైతే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగిన కోణం) ఎక్కువ. ఈ చిన్న కార్లకు చల్లగా ఉన్నప్పుడు 12 పీఎస్‌ఐ చుట్టూ మొదలుపెట్టడం పద్ధతి.

మూడో రోజు: చిత్తూరు మీదుగా

వైకుంఠ ఏకాదశి రద్దీ దగ్గరపడితే ఊళ్లోంచి బయటపడటమే గగనం. తెల్లవారుజామున లారీ కదిలింది. ఎక్కించేటప్పుడు చూడాల్సినవి: ట్యాంకు ఖాళీ చేయాలి, బ్యాటరీ వైరు ఊడదీయాలి, ఛాసిస్ కింద దుంగలు పెట్టి స్ప్రింగుల మీద బరువు లేకుండా చేయాలి. బెల్టులు ఛాసిస్ గొట్టాలకే కట్టాలి. చక్రాన్ని పట్టి ఉంచే విష్‌బోనులకు కట్టి బిగిస్తే ఆ సన్నటి గొట్టాలు వంగిపోతాయి, అలైన్‌మెంటు పాడైందని కోయంబత్తూరు వెళ్లాక తెలుస్తుంది.

చంద్రగిరి దాటి, కాణిపాకంలో ఆగారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముక్కు మీద పసుపు కుంకుమ. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడటానికి జనం జంకుతారు. టెస్టింగు టైములు అక్కడ ప్రమాణం చేసి చెప్పినా నిలబడతాయి, ఎందుకంటే ఎవరూ అబద్ధం చెప్పరు, చెప్పాల్సినవి చెప్పకుండా వదిలేస్తారంతే. 75 మీటర్లు 4.7 సెకన్లన్నది నిజమే. 75 కిలోల డ్రైవరు బదులు 55 కిలోలవాణ్ని కూర్చోబెట్టారన్నదీ నిజమే. 220 కిలోల కారులో ఆ 20 కిలోలు మొత్తం బరువులో ఏడు శాతం, టైములో పదో వంతు సెకను.

ఫార్ములా వన్‌లో ఇదే ఆట ఇంధనంతో ఆడతారు. బహ్రెయిన్‌లాంటి ట్రాకులో 10 కిలోల ఇంధనం ల్యాపుకు సుమారు 0.3 సెకను తినేస్తుంది. 2019 నుంచి 2025 దాకా రేసుకు 110 కిలోల దాకా వాడనిచ్చారు. ట్యాంకులో ఎంతుందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి ఒక్క ల్యాపు టైము చూసి జోస్యం చెప్పినవాళ్లు చాలాసార్లు బోల్తాపడ్డారు. 2001లో బార్సిలోనా టెస్టింగులో ప్రోస్ట్ జట్టు పైన మెరిసింది, సీజను మొత్తానికి 4 పాయింట్లు తెచ్చుకుని మరుసటి ఏడాది మొదట్లోనే మూతపడింది. అదే అనుభవంతో 2009లో బ్రాన్ జీపీ కారు మార్చిలో వచ్చి వేగం చూపిస్తే స్పాన్సర్ల కోసం ఖాళీ ట్యాంకుతో తిప్పుతున్నారని అనుకున్నవాళ్లు ఎందరో. ఆ జట్టు 17 రేసుల్లో 8 గెలిచి రెండు టైటిళ్లూ పట్టుకుపోయింది. కారు సమయానికి తయారుకాకపోవడం మాత్రం దాదాపు ఎప్పుడూ చెడు సంకేతమే. 2019లో విలియమ్స్ బార్సిలోనాలో మొదటి రెండు రోజులు పూర్తిగా పోగొట్టుకుంది, ఏడాది చివరికి ఒక్క పాయింటుతో అట్టడుగున మిగిలింది.

దీనికి ఎదురుగా 2014 రెడ్‌బుల్‌ను చూపిస్తారు. హెరెజ్‌లో నాలుగు రోజుల్లో 21 ల్యాపులే తిరిగిన కారు ఆ ఏడాది మూడు రేసులు గెలిచి రెండో స్థానంలో నిలిచింది. నిజమే. కానీ దాని వెనక వందల మంది ఇంజనీర్లు, విమానాల్లో వచ్చే విడిభాగాలు ఉన్నాయి. కాలేజీ జట్టుకున్నది ఆటోనగర్ లేత్ షాపు, సెమిస్టరు పరీక్షలు. మూడు వారాల ముందు టెస్టింగులో కనబడ్డ జబ్బు మూడొంతులు పోటీలోనూ కనబడుతుంది. అందుకే విద్యార్థి కార్ల విషయంలో ల్యాపుల లెక్కను ఫార్ములా వన్‌లోకన్నా ఎక్కువగా నమ్ముతాను.

చిత్తూరులో టిఫినుకు ఆగినప్పుడు బోల్టులు చూశారు. బిగించాక బోల్టు మీదా పక్క లోహం మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీస్తారు. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. వెనక ఎడమ టో లింకు (చక్రం దిశను పట్టి ఉంచే కడ్డీ) కొసన ఉండే చెక్‌నట్ గీత విరిగి ఉంది. దాన్ని మళ్లీ బిగించబోయిన కుర్రాణ్ని పక్కనే ఉన్న వెల్డింగ్ షాపాయన ఆపాడు.

"ఆ నట్టు తీసి చూడు ముందు. మర అరిగిపోయుంటే ఎంత బిగించినా నిలబడదు."

"అరిగిందన్నా. కొత్తది ఉంది, మార్చేస్తాం."

"మార్చి, రెండో పక్కది కూడా చూసుకో. ఒకే చేత్తో బిగించినవేగా రెండూ."

రెండో పక్కదీ అంతే. నైలాన్ నట్లు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది, పొగగొట్టం దగ్గరైతే వేడికి నైలాన్ కరిగిపోతుంది. అక్కడ పూర్తి లోహపు లాకింగ్ నట్టే వేయాలి.

ఆ తర్వాత కాట్పాడి, వేలూరు, కృష్ణగిరి, సేలం. తిరుపతి నుంచి మొత్తం దాదాపు 500 కిలోమీటర్లు. తొప్పూరు ఘాటు దిగేటప్పుడు లారీ నెమ్మదిగా వెళ్లాలి, అంతకుమించి దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

నాలుగో రోజు: కోయంబత్తూరు

చెట్టిపాళయం దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్ల ట్రాకు. రేసింగుకు ప్రాణం పెట్టిన ఎస్. కరివర్ధన్ పేరు మీదిది. కోన్లతో సుమారు కిలోమీటరు ల్యాపు అమర్చి ఎండ్యూరెన్స్ మాదిరి పరుగు పెట్టారు: 11 కిలోమీటర్లు, ఇంజను ఆపి మూడు నిమిషాల్లో డ్రైవరు మార్పు, మళ్లీ 11.

ముందు రేడియేటరులో నీళ్లు మార్చారు. పోటీలో ఉత్త నీళ్లే ఉండాలి, పచ్చ కూలెంటు ట్రాకు మీద ఒలికితే వెనక వచ్చేవాడు జారిపోతాడు. కూలెంటుతో టెస్టు చేసి, నీళ్లతో పోటీకి వెళ్లడం పాత తప్పు. నీళ్లు త్వరగా మరుగుతాయి కాబట్టి మూత ఒత్తిడి సరిగా లేకపోతే పొంగిపోతుంది.

నడుస్తున్న కారులో చూడాల్సింది ఉష్ణోగ్రత అంకెను కాదు, దాని నడకను. ఎనిమిదో నిమిషానికి 98 దగ్గర నిలబడితే బెంగలేదు. 90లోనే ఉన్నా నిమిషానికో డిగ్రీ ఎక్కుతూ పోతే చివరికి ఉడికిపోతుంది. ఈ కారుది 99 దగ్గర నిలిచింది. ల్యాపు టైముల్లోనూ అంతే. మొదటి అయిదింటి సగటుకూ చివరి అయిదింటి సగటుకూ తేడా ఒక సెకను లోపే. మొదటి డ్రైవరు ఒకే తీరుగా తిప్పాడు. చైను వేలితో నొక్కితే రెండు మూడు సెంటీమీటర్లు ఊగాలి, ఆగాక చూస్తే అలాగే ఉంది.

డ్రైవరు మారాడు. బటన్ నొక్కితే స్టార్టరు టిక్కుమని ఊరుకుంది. మళ్లీ టిక్కు. నాలుగోసారికి కూడా తిరగలేదు. పోటీలో అయితే ఇక్కడితో ఎండ్యూరెన్స్ ముగిసిపోయేది.

అందరూ బ్యాటరీ పాడైందన్నారు. మీటరు పెడితే 11.4 వోల్టులు. బయటి బ్యాటరీతో స్టార్టు చేసి, నడుస్తుండగా కొలిస్తే 12.3. ఛార్జింగు సరిగా ఉంటే 13.8 నుంచి 14.2 దాకా చూపించాలి. అంటే బ్యాటరీ నేరం కాదు, తీసుకునేది ఎక్కువ, వచ్చేది తక్కువ. రేడియేటరు ఫ్యాను కారు కదిలిన క్షణం నుంచీ ఆగకుండా తిరుగుతోంది. తొందర్లో దాన్ని ఆన్-ఆఫ్ చేసే రిలే వదిలేసి దాన్ని నేరుగా కలిపేశారు. డ్రైవరు మార్పు మూడు నిమిషాలూ ఇంజను ఆగి ఉన్నా ఫ్యాను బ్యాటరీనే తాగింది. గంటలో రిలే పెట్టి, నీళ్లు 95 డిగ్రీలు దాటితేనే ఫ్యాను తిరిగేలా ఇంజను కంప్యూటరు ఈసీయూకు కలిపారు. ఛార్జింగు వైరు కనెక్టరులో ఒక పిన్ను నల్లబడి ఉంది, దాన్నీ కోసేసి కొత్తది వేశారు. అప్పుడు 13.9 చూపించింది. వేడి మీద మూడుసార్లు ఆపి, మూడుసార్లూ మొదటి నొక్కుకే లేపారు.

చీకటిపడటంతో పూర్తి 22 కిలోమీటర్లు మళ్లీ తిప్పలేదు. రెండో డ్రైవరు అయిదే ల్యాపులు తిరిగాడు, మొదటివాడికన్నా ల్యాపుకు మూడు సెకన్లు వెనక. దాన్ని తీర్చడానికి కొత్త భాగాలేవీ అక్కర్లేదు, పెట్రోలు, తిప్పడానికి జాగా చాలు.

ఇక అంచనా. స్కిడ్‌ప్యాడ్, యాక్సిలరేషన్‌లలో మధ్యస్థం. ఎండ్యూరెన్స్‌లో అన్నిటికన్నా వేగంగా వచ్చిన కారు సమయానికి 1.333 రెట్లు దాటితే వేగానికిచ్చే పాయింట్లు పోతాయి, 15 శాతం నెమ్మదిగా వచ్చినా దాదాపు సగం దక్కుతాయి. ఈ జట్టు ఆ పరిధిలో హాయిగా నడవగలదు. కాబట్టి రెవ్ లిమిట్ పెంచడం, వింగు కోణం మార్చడం లాంటివన్నీ పక్కనపెట్టి, తిరుపతి చేరాక ఇద్దరు డ్రైవర్లతో పూర్తి 22 కిలోమీటర్లు, మధ్యలో మూడు నిమిషాల ఆగుడుతో కలిపి, కనీసం రెండుసార్లు తిప్పాలి. రెండుసార్లూ పూర్తయితే మొదటి వరుస జట్ల వెనకే ఉంటారు. ఒక్కసారి ఆగినా పై పావు భాగం మాట మర్చిపోవచ్చు.